గంజి పెట్టిన సర్టిఫికెట్

ఎనభైల చివర్ల సంగతి. షోలాపూర్ అశోక్ చౌక్‌ల మాది మగ్గాల ఇల్లు. ఫౌజుల పనిచేస్తూ చనిపోయిన నా తమ్ముని బిడ్డ రజితకు నర్సింగుల సీటొచ్చింది. అసుంటి పిల్లలకు ఫీజు మాఫీ ఉంటదని పేపర్ల చదివి, రజిత తల్లి, మా మరదలు భాగ్యను తీసుకొని సైనిక సంక్షేమ ఆఫీసుకు పోయిన. కాలేజీల చేరనీకి ఆ రోజే ఆఖరి గడువు.

క్లర్కు తమ్ముని ఫౌజు సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పిండు. “అట్ట లెక్క ఉంది, ముద్ర అలుక్కుపోయింది. ఏం బాయీ, ఖోటా కాగదం తెచ్చినవా?” అన్నడు. భాగ్య ముఖం తెల్లబోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ప్రాణమిచ్చినోని పెండ్లాం దొంగ కాగితం తెస్తదా?” అని బల్ల గుద్దిన.

లొల్లికి పెద్ద సాబ్ బయటికొచ్చి, “మరి ముద్ర ఎట్ల పోయింది?” అని నిమ్మళంగ అడిగిండు.

మడతల కాడ చినుగుతుందని, నూలుకు పెట్టినట్టే దానికి గంజి పెట్టి ఎండేసింది నేనే. భాగ్యకు గూడ చెప్పలే. అందరి ముంగట ఒప్పుకున్న.

“అయ్యో బావా! కాగితంతోని చీర నేస్తవా ఏంది?” అన్నది భాగ్య. వరుసల నిలబడ్డోళ్లంత నవ్విండ్రు.

సాబ్ నవ్వలే. కాగితాన్ని వెలుగుకు పెట్టి తమ్ముని నంబరు చదివి, రిజిస్టరుల చూసుకొని, కాలేజీకి అప్పుడే చిట్టీ రాసిచ్చిండు. “కొత్త సర్టిఫికెట్ నేను తెప్పిస్త. ముందు పిల్లను చేర్పించుండ్రి” అన్నడు.

రజిత నర్సయ్యింది. ఆ క్లర్కు మీద నాకు ఇప్పటికీ కోపమే. కాని ఆ సాబ్‌ను తలుచుకుంటే చేతులు జోడిస్త. తప్పు నాదని తెలిసినంక గూడ, ఆ శిక్ష పిల్లకు పడనియ్యలే.