రెండో కుర్చీ

మా వీధి సెలూన్‌లో కుర్చీలు రెండు. ఒకటి పెద్దన్నది, ఇంకొకటి చిన్నన్నది. సొంత అన్నదమ్ములు. తల నెరిసినా, ఇంటికి అల్లుడొచ్చినా వీధికి చిన్నన్న చిన్నన్నే. పక్కనే నా జిరాక్సు కొట్టు. మధ్యలో గోడ ఒకటే కాబట్టి వాళ్ల కత్తెర చప్పుడు వింటూనే నా సగం జీవితం గడిచింది.

పని నేర్చుకున్న కథ చిన్నన్నే చెప్పేవాడు, గడ్డం గీస్తూ, కదలడానికి వీల్లేని మనిషి దొరికినప్పుడల్లా. తండ్రి పోయేనాటికి ఆయనకింకా మీసం రాలేదు. కత్తి పడితే చెయ్యి వణికేది. అలాంటివాడికి గొంతు అప్పగించేదెవరు? పెద్దన్నే కొట్టు కట్టేశాక తన కుర్చీలో వెనక్కి వాలి, "గియ్యరా, తెగితే నాదేగా" అనేవాడట. ఒకరోజు తెగనే తెగింది. ఎడమ చెవి కింద గీత మిగిలిపోయింది. దాన్ని అందరికీ చూపించి, మావాడి సర్టిఫికెట్ ఇదేనని పెద్దన్న నవ్వేవాడు.

అలాంటి పెద్దన్న కొన్నాళ్లుగా కొట్టులో కనిపించడం మానేశాడు. అంతకుముందు ఒకసారి ఒకాయనకి సగం గడ్డం గీసి, నురగతో అలాగే వదిలేసి రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. మేం నవ్వుకున్నాం. తర్వాత అడిగితే, కూతురి దగ్గరికి వెళ్లాడని చిన్నన్న చెప్పాడు. కానీ మా రెండు కొట్ల మీద ఉన్న వాళ్లింటి గదిలో ఎవరో అటూ ఇటూ నడిచే చప్పుడు నాకు వినిపిస్తూనే ఉండేది. విననట్టే ఊరుకున్నాను. ఎవరి ఇంటి గుట్టు వాళ్లది అనుకోవడం మా వీధిలో మర్యాద. పిరికితనానికి అంతకంటే మంచి పేరు మాకు దొరకలేదు.

చిన్నన్న భయం అర్థంకానిదేం కాదు. అన్నకి అల్జైమర్స్ అనే మతిమరుపు జబ్బన్న మాట వీధిలో పడితే, అది వాళ్ల రక్తంలోనే ఉందంటారు. అన్నలాగే తమ్ముడూ పని మధ్యలో మరిచిపోతాడేమో అనుకుంటే, ఆ కత్తి కింద ఎవరు మెడ చాపుతారు?

సరిగ్గా అప్పుడే మా వర్తక సంఘం చందాలు మొదలుపెట్టింది. ఆ జబ్బున్నవాళ్లని పగలంతా చూసుకునే కేంద్రానికి కొంత, వైద్య కళాశాలలో జరిగే పరిశోధనకి కొంత. ప్రతి కొట్టూ ఒక ఆదివారం రాబడి ఇవ్వాలి. అందరికంటే ముందు చెయ్యెత్తింది చిన్నన్నే. మైకు పట్టుకుని, మన వీధిలో ఏ ఇంట్లోనూ ఈ జబ్బు లేకపోవడం మన అదృష్టమనీ, అది వచ్చినవాళ్లకి సాయం చెయ్యడం మన బాధ్యతనీ మాట్లాడాడు. మేం చప్పట్లు కొట్టాం. నేను కాస్త గట్టిగానే కొట్టాను. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన వంతు ఆదివారం సెలూన్ కిటకిటలాడింది. తల మీద నాలుగు వెంట్రుకలున్నవాళ్లు కూడా వచ్చి బల్ల మీద కూర్చున్నారు. చందా డబ్బా పట్టుకుని నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. చిన్నన్న భార్య అందరికీ మంచినీళ్లు ఇవ్వడానికి మేడ మీదికీ కిందికీ తిరుగుతోంది. ఆ హడావిడిలో గది గడియ మరిచిపోయింది.

పెద్దన్న మెట్లు దిగి వచ్చాడు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. మాసిన గడ్డం మెడ దాకా పెరిగింది, ఇంట్లోనే సెలూన్ ఉన్న మనిషికి. బల్ల మీదున్నవాళ్లలో సగం మందికి మొదటిసారి గడ్డం గీసింది ఆయనే. కుర్చీలో ఉన్న కొత్త బ్యాంకు మేనేజరొక్కడికే ఆయన తెలియదు. ఎవరీయన అని అద్దంలోంచి చిన్నన్నని అడిగాడు.

చిన్నన్న తల తిప్పలేదు. "ఎవరో పెద్దాయన, గడ్డం గీయించుకోడానికి వచ్చినట్టున్నాడు," అన్నాడు. తర్వాత గొంతు పెంచి, "కూర్చో తాతా, నీ వంతు వస్తుంది," అన్నాడు.

తమ్ముడితో తాత అనిపించుకున్న అన్న బుద్ధిగా బల్ల చివర కూర్చున్నాడు. అందరం గుర్తుపట్టాం. ఎవరి పేపరు వాళ్లు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నా దగ్గర పేపరు లేదు, డబ్బా వైపు చూశాను. ఆ మాటనడానికి చిన్నన్నకి నోరెలా వచ్చిందా అని ఒళ్లు మండింది. కాదని చెప్పడానికి నాకు మాత్రం నోరు వచ్చిందా?

పెద్దన్న వంతు వచ్చింది. ఆయన కుర్చీ మీద ఇప్పుడు తువ్వాళ్లూ పాత పత్రికలూ పేర్చి ఉన్నాయి. తమ్ముడి కుర్చీలో కూర్చుని వెనక్కి వాలాడు. చిన్నన్న గుడ్డ కప్పాడు, గడ్డం కత్తిరించాడు, నురగ రాసి కత్తి పట్టాడు. అద్దంలోకి చూడటం లేదు. ఎడమ చెంప శుభ్రమయ్యేసరికి చెవి కింద గీత బయటపడింది. కత్తి అక్కడే ఆగిపోయింది.

"చెయ్యి బాగుంది బాబూ," అన్నాడు పెద్దన్న కళ్లు మూసుకునే. "ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"మా అన్నయ్య దగ్గర."

"ఎక్కడుంటాడాయన?"

కూతురి దగ్గర అంటాడని మేమంతా ఎదురుచూశాం. ఆ మాట అనేస్తే మళ్లీ పేపర్లలో తలదూర్చుకోవచ్చు.

"పైన గదిలో పెట్టి గడియ వేశాను," అన్నాడు చిన్నన్న. "అన్నీ మరిచిపోతున్నాడని సిగ్గుపడి."

పెద్దన్నకి కోపం రాలేదు. "గడియ తియ్యి బాబూ. పని తెలిసినవాడు ఊరికే కూర్చోలేడు. ఇంతమంది వచ్చారు, ఒక్కడివే అవస్థ పడుతున్నావు. ఆ కుర్చీ ఖాళీ చేస్తే ఇద్దరూ కలిసి చేసుకోవచ్చు."

"అలాగే అన్నయ్యా," అన్నాడు చిన్నన్న, అందరికీ వినిపించేలా.

గడ్డం పని ముగించి, అన్న ముఖం తుడిచి, రెండో కుర్చీ మీది సామానంతా కిందికి దించాడు. పెద్దన్న వెళ్లి దాని వెనక నిలబడ్డాడు. ఆయన చేతికి కత్తి కాదు, తువ్వాలు ఇచ్చాడు చిన్నన్న. తర్వాత తన కుర్చీ దులిపి, తరువాత ఎవరని బల్ల వైపు చూశాడు.

ఎవరూ లేవలేదు. ఆడదాన్ని కాబట్టి నాకు గడ్డం లేదన్న సాకు ఉంది, వాళ్లకి అదీ లేదు. కాసేపటికి ఒకాయన పని గుర్తొచ్చిందంటూ లేచి, నా డబ్బాలో పెద్ద నోటు వేసి వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఇంకొకడు. అందరూ అలాగే, నోట్లు వేసి, మాసిన గడ్డాలతోనే ఇళ్లకి పోయారు.

మా వీధిలో ఏ కొట్టుకీ అంత చందా రాలేదు. సంఘంవాళ్లు చిన్నన్నని తెగ మెచ్చుకున్నారు. అంత ఎలా వచ్చిందని నన్ను అడిగితే, జనం మంచివాళ్లని చెప్పాను.