బాతుల కోసం మిగిల్చిన ఫోటో

నిన్న వంటింట్లో మనవరాలు వినెగర్ సీసా ఒలకబోసింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే చేతిలో పళ్లెంతో అలాగే నిలబడిపోయాను. ఫోటోలు కడిగే చీకటిగదిలో ఇదే వాసన ఉండేది. మంచిర్యాలలో ఖాదర్ సాబ్ ఫోటో స్టూడియో మూతపడి ఎన్నో ఏళ్లయింది. ముక్కు మాత్రం మరిచిపోలేదు.

ఎనభైల్లో నేనక్కడ నెగెటివ్‌లు దిద్దేవాణ్ణి. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో మొహాల మీది మచ్చలు, ముడతలు మాయం చేయడం నా పని. కొత్తలో ఉత్సాహం ఎక్కువై ఒక పెళ్లికొడుకు మొహాన్ని కోడిగుడ్డంత నున్నగా చేసిపెట్టాను. సాబ్ దాన్ని వెలుగుకు పట్టి చూసి తల పట్టుకున్నారు. "అరె రాజేశం, గిట్ల జేస్తె వాళ్లవ్వ గూడ గుర్తువట్టది. జర మనిషిని ఉంచు" అన్నారు. ఆ తర్వాత చేయి అదుపులో పెట్టుకున్నాను.

పొద్దంతా దరఖాస్తు ఫోటోలు, బొగ్గుబాయి కార్మికుల ఇళ్లలో పెళ్లిళ్లు. పని ముగిసేసరికి సాబ్ స్టూలు మీద కూలబడేవారు. "మొకాలు జూసి జూసి యాష్టకొచ్చింది. అందరికి కొట్టిన. నా కోసం కొట్టుకున్న ఫోటో ఒక్కటి లేదు" అనేవారు. ఆయన మనసంతా గోదావరిలో స్నానం చేసే ఇటుకరంగు బాతుల మీదే. చలికాలంలో జంటలుగా వచ్చి ఇసుకతిన్నెల దగ్గర దిగేవి. మునిగి, లేచి, ఒళ్లంతా నీళ్లు చల్లుకుని, ఆఖర్న నిటారుగా లేచి రెక్కలు విదిలించేవి. ఆ విదిలింపులో ప్రతి చుక్కా కనపడే ఫోటో ఒక్కటి తీస్తే చాలని ఆయన ఆశ.

రీలు ఖరీదు కాబట్టి పెళ్లి ఫోటోలు ఒప్పుకుంటేనే తెచ్చేవారు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. పన్నెండు ఫోటోల రీలులో చివరిది ఆయనది. పెళ్లివాళ్లు ఎంత బతిమాలినా "అయిపోయింది" అనేసేవారు. మర్నాడు తెల్లవారగానే ఇద్దరం సైకిళ్ల మీద గోదావరికి వెళ్లేవాళ్లం. ఆ పెట్టె కెమెరాతో దూరపు పిట్ట ఆవగింజంత వస్తుంది కాబట్టి దగ్గరికి పోక తప్పదు. తుంగపొదల్లో, చల్లటి నీళ్లలో కూర్చుంటే నాకు పళ్లు టకటకలాడేవి. ఇద్దరిలో ఎవరు దగ్గినా బాతులు లేచిపోయేవి. ఖాళీ నీళ్ల ఫోటోలు ఎన్ని కడిగామో లెక్కలేదు.

ఆఖరి ఏడు సాబ్ కళ్లకు మసక కమ్మింది. "గీ చలికాలమే రాజేశం. మళ్లచ్చేసారికి పిట్టేదో నీళ్లేవో నాకు తెల్వది" అన్నారు. చలి తగ్గి బాతులు వెళ్లిపోయే రోజులు. ఆ పొద్దున ఒక జంట మా ముందుకే ఈదుకుంటూ వచ్చి తలలు ముంచడం మొదలుపెట్టింది. సాబ్ వేలు బటన్ మీద ఉంది. అప్పుడే ఒడ్డు మీద నుంచి ఎవరో పిలిచారు. బాతులు బెదిరి కాస్త ఎడంగా జరిగాయి కానీ ఎగిరిపోలేదు.

దహనానికి ఒక ముసలమ్మ శవాన్ని తెచ్చినవాళ్లు పాడెను ఇసుకలో దించారు. పిలిచింది ఆమె కొడుకు.

"సార్, మా అవ్వది ఇంట్ల ఒక్క ఫోటో గూడ లేదు. కాల్మొక్త, జరొక్కటి కొట్టుండ్రి."

"ఒక్కటే ఉన్నది సాబ్. లేదని చెప్పుండ్రి" అని గొణిగాను. ఆయన నోరు తెరిచారు. 'అయిపోయింది' అంటారనే అనుకున్నాను.

"వస్తున్న బిడ్డా" అని నీళ్లలోంచి లేచారు.

ముసలమ్మ మొహం మీద వెలుగు పడేలా పాడెను తిప్పించి, ఆ మసక కళ్లతో చాలాసేపు చూసి బటన్ నొక్కారు. రీలు చుడుతుండగా వెనక నీళ్ల చప్పుడయింది. రెండు బాతులూ ఎండకు ఎదురుగా లేచి రెక్కలు విదిలిస్తున్నాయి. నాకు ఏడుపొచ్చింది. చనిపోయిన ఆ అవ్వ మీద కోపం కూడా వచ్చింది. సాబ్ కెమెరాకు మూత పెట్టి అటు తిరిగారు. "నాకు మసక మసక గొడ్తుంది రాజేశం. ఎట్ల జేస్తున్నయో జర చెప్పు" అన్నారు.

చెప్పాను. అంత జాగ్రత్తగా నేనెప్పుడూ ఏదీ చూడలేదు, చెప్పలేదు.

ఆ అవ్వ ఫోటో బాగా వచ్చింది. కొడుకు దాన్ని కండువాలో చుట్టుకుని తీసుకెళ్లాడు. తర్వాత సాబ్ చూపు పూర్తిగా పోయింది. నేను ఎప్పుడు వెళ్లినా మంచం మీద లేచి కూర్చుని బాతుల ముచ్చటే అడిగేవారు. ఇప్పుడు అడిగే మనిషి లేడు. ఒళ్లు అలిసిన సాయంత్రాల్లో మాత్రం పెదవులు వాటంతటవే కదులుతాయి: "మొదలు ఆడపిట్ట తల ముంచింది సాబ్..."