ఎలుగు కడుపులోని పాత దూది

మా పాప ఎలుగుబంటిని పాడు చేసింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది రాయడం సులువు.

అది మొదట నా బొమ్మ. బడిలో చేరిన రోజు నేను ఏడవకుండా ఉండాలని మా నాయన ఆళ్లగడ్డలో కొనిచ్చాడు. గోధుమరంగు బొచ్చు, గుండీల్లాంటి నల్లటి కళ్లు. నా పెళ్లయ్యాక అమ్మ దాన్ని ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య దాచి, పాపకు ఏడాది నిండగానే నంద్యాలకు తెచ్చి ఇచ్చింది. పాపకు ఇప్పుడు నాలుగేళ్లు. దాన్ని ‘ఎలుగు’ అని పిలుస్తుంది. పడుకునేటప్పుడు దాని ఎడమ చెవిని రెండు వేళ్ల మధ్య పెట్టుకుని నలుపుతుంది. నలిపి నలిపి ఆ చెవి మీది బొచ్చంతా పోయింది. గుడ్డ మాత్రం మిగిలి, తమలపాకంత నున్నగా తయారైంది.

నేను దేనికైనా భయపడే మనిషిని. పాప రెండుసార్లు తుమ్మితే మూడో తుమ్ము కోసం ఎదురుచూస్తాను. మొన్న చలికాలంలో దగ్గు పట్టుకుని వదలకపోతే, బొమ్మల్లోని దుమ్ము వల్ల కూడా వస్తుందని ఎక్కడో చదివాను. ఇక ఆగలేదు. పాప మధ్యాహ్నం నిద్రపోతుండగా ఎలుగును తీసుకెళ్లి వాషింగ్ మెషిన్‌లో పడేశాను. వేడినీళ్లు, రెండింతల సబ్బుపొడి. తీసేసరికి కడుపు కుట్టు విడిపోయి ఉంది. లోపలి దూది తడిసి ఉండలు కట్టింది. ఎడమ చెవి అడుగున విడిగా పడి ఉంది.

ఎలుగు ఊరికి పోయిందని పాపకు అబద్ధం చెప్పి, రెండు రోజులు దాచి బాగు చేశాను. డిగ్రీ చదివిన దాన్ని, ఫోనులో వీడియోలు చూసి నేర్చుకోలేనా అనుకున్నాను. పాత దూదంతా లాగేసి, చెవితో సహా ఒక కవర్లో కట్టి, చెత్తబండికి వేద్దామని వంటింటి కిటికీకి తగిలించాను. బజారు నుంచి తెల్లటి కొత్త దూది తెచ్చి బిగించి కుక్కాను. మెరుపుల జాకెట్టు ముక్కతో కొత్త చెవి కుట్టాను. ఎలుగు పెళ్లికొడుకులా కూర్చుంది. నాకు గర్వంగా కూడా అనిపించింది.

పాప దాన్ని ఎత్తుకుంది. కడుపు నొక్కింది. మెడ దగ్గర వాసన చూసింది. జాగ్రత్తగా మంచం మీద పెట్టి అడిగింది.

“ఇది ఎవురిది?”

“నీదే నాన్నా. ఎలుగు.”

“మా ఎలుగు యాడ?”

ఏడ్చి ఉంటే నాకు ఏం చెయ్యాలో తెలిసేది. తను ఏడవలేదు. మర్నాడు తన స్టీలు గ్లాసు కనిపించలేదు. ఆ తర్వాత చెప్పులు, పాత దుప్పటి. వెతికితే అన్నీ మంచం కింద, గోడ వైపు, వరుసగా ఉన్నాయి. ఎందుకు దాచావని అడిగితే నా వైపు చూడకుండానే చెప్పింది: “నువ్వు మార్చేస్తావ్.”

నాలుగేళ్ల పిల్ల తల్లి నుంచి వస్తువులు దాచుకుంటోంది. ఎలుగు సంగతి అలా ఉంచి, నా భయమంతా దీని మీదికి మళ్లింది. పాపకు నా మీద నమ్మకం పోయింది. దాన్ని తిరిగి తెచ్చుకోవడం ఏ వీడియోలోనూ లేదు.

ఫోనులో అమ్మకు చెప్పుకుంటే తిట్టింది. “పరుపులు కుట్టేవాళ్లు ఉండారు గదమ్మే, చూపీకూడదా? ఈడికి ఎత్తుకుని రా. పాపను గూడా.”

శనివారం మా ఆయనకు డ్యూటీ ఉంది. పాపను, ఎలుగును తీసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. పరుపులు కుట్టే పెద్దమ్మది అమ్మవాళ్ల వెనక వీధి. వాళ్లది దూది ఏకే కుటుంబం. వాళ్ల మామ కాలంలో విల్లుతో ఏకేవాళ్లట, ఇప్పుడు మిషను పెట్టుకున్నారు. కుట్టు మాత్రం ఇప్పటికీ ఆమె చేత్తోనే. దూది నుసి పడి ఆమె కనుబొమలు ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి.

ఎలుగును చేతిలో తిప్పి చూసింది.

“ఎవురు కుట్నారు దీన్ని?”

“నేనే పెద్దమ్మా.”

“మూట గట్నట్ల గట్నావే. కడుపు సూడు, పంచాయితీ పెసిడెంటు కడుపు మాదిరి ఉండాది.”

అమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. పెద్దమ్మ కడుపు కుట్టు దగ్గర వేలు పెట్టి లోపలి దూది కొంచెం లాగి చూసింది.

“ఇది కొత్తది. పాత దూది యాడ?”

“నంద్యాలలో. పారేద్దామని కవర్లో కట్టి పెట్టినా.”

“పారేద్దామనా?” ఆమె ఎలుగును నా ఒళ్లో పెట్టేసింది. “పోయి అది తీసుకరా. పాత దూది లేకుండా నేను ముట్టను. కొత్త దూదితో కొత్త బొమ్మ అయితాది గానీ, ఇది యాడయితాది?”

వెంటనే మా ఆయనకు ఫోను చేశాను. కిటికీకి తగిలించిన కవరు ఉందా అని అడిగాను.

“పొద్దున చెత్తబండికి ఇయ్యమంటివి గదా.”

“ఇచ్చేసినారా?”

“లేదు. బండి పొయ్యేదాకా నేను లేస్తేగా.”

ఆయన ఆలస్యంగా నిద్ర లేచినందుకు పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి దేవుడికి దండం పెట్టుకున్నాను. డ్యూటీ మధ్యలో ఇంటికెళ్లి, ఆ కవరు తీసుకుని, ఆళ్లగడ్డ బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు. మేము బస్టాండులో కాచుకున్నాం. కండక్టరు కవరు అందిస్తూ నన్ను ఎగాదిగా చూశాడు.

“ఏందమ్మా ఇది, దూదా? మీ ఆయన పది సార్లు జాగర్త జాగర్త అంటే ఏమో అనుకుంటి. ఒళ్లో పెట్టుకుని తెచ్చినా.”

ఉండలు కట్టిన దూదిని పెద్దమ్మ మిద్దె మీద గుడ్డ పరిచి ఎండలో పోసింది. భోజనాలయ్యాక మళ్లీ వెళ్లాం. నేను చాప మీద ఆమె ఎదురుగా కూర్చోబోతే చేత్తో ఆపింది.

“నువ్వు కాదు. దూది ఎవురిదో వాళ్లు కూచోవాల.”

వాళ్ల దగ్గర అది కట్టుబాటు. పాత పరుపు విప్పి ఏకేటప్పుడు పరుపు తాలూకు మనిషి ఎదురుగా ఉండి తీరాలి. ఎవరి దూది వాళ్లకే పోవాలి, మారిందన్న మాట ఎప్పటికీ రాకూడదు. మా అమ్మ కూడా గంటలు గంటలు అలా కూర్చున్న మనిషే. చిన్నప్పటి నుంచీ చూస్తున్న పద్ధతే. అయినా ఎలుగు విషయంలో నాకు తట్టలేదు. పాప నిద్రపోయినప్పుడు విప్పాను, దాచి కుట్టాను.

“పెద్దమ్మా, కడుపు కోసేది చూస్తే భయపడతాదేమో.”

“ఆ పాపకేం భయంల్యా. భయం నీకుండాది. నువ్వు పక్కకు జరుగు.”

జరిగాను. పాప చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పెద్దమ్మ నేను వేసిన కుట్లన్నీ కోసి, కొత్త దూది బయటికి లాగింది. కుడికాలి అడుగున, నా వేళ్లకు అందని చోటు నుంచి పచ్చటి చీరపేలిక ఒకటి వచ్చింది. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అది నేను కుక్కిందే. నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు ఎలుక కొరికింది. నువ్వు లేచేలోపల కుట్టేస్తి.”

“నాకెప్పుడూ చెప్పలేదే.”

“చెప్తే ఊరుకుంటావా నువ్వు? అప్పుడే ఇట్లుంటివి.”

పెద్దమ్మ పేలికను పాపకు చూపించింది. “ఇది ఉండాల్నా, తీసేద్దామా?”

పాప పేలికను వేలితో తాకి చూసింది. “ఉండాల.”

ఎండిన పాత దూదిని పెద్దమ్మ గుప్పెడు గుప్పెడుగా వేళ్లతో విడదీసి, సన్నటి బెత్తంతో కొట్టింది. ఉండలు విడిపోయి నుసి పొగలా లేచింది. పాప దగ్గుతుందేమోనని చూశాను. దగ్గలేదు. పెద్దమ్మ కాళ్లలోకి, నడుము లోపలికి కొత్త దూది కొంచెం వేసింది. బిడ్డ చెయ్యి తగిలే చోట, కడుపులో, మెడలో, అంతా పాతదే.

“నొక్కి సూడు పాపా. సాలునా?”

“ఎక్కువ అయింది.”

ఒక గుప్పెడు తీసింది. “ఇప్పుడు?”

“ఇంగా తియ్.”

“ఏందీ, ఎలుగుకు జరమొచ్చిందా, ఇంత పీలగానా?”

“అది అంతే ఉంటాది,” అంది పాప.

ఆ మాట అంత ధీమాగా ఎవరైనా అనగా నేను వినలేదు. మరో గుప్పెడు తీశాక పాప తల ఊపింది. నేను పెట్టిన మెరుపు చెవి ఊడదీసి, కవర్లోని పాత చెవిని పెద్దమ్మ దాని చోట పెట్టింది. సూదిలో దారం ఎక్కించి, పాప వైపు చూసి, సూదిని నా చేతికిచ్చింది.

“చెవి మీ అమ్మ కుడతాది. నువ్వు సూస్తాండు.”

గుడ్డ ఎంత పల్చగా ఉందంటే సూది దిగితే చిరుగుతుందేమో అనిపించింది. పెద్దమ్మ చెప్పినట్టు వెనక గుడ్డముక్క పెట్టి, అంచులు కలిపి, దగ్గర దగ్గరగా కుట్టాను. ప్రతి కుట్టుకూ పాప తల నా మోచేతికి ఆనేంత దగ్గరికి వచ్చింది. వంకర పోతే చెప్పింది. విప్పి మళ్లీ కుట్టాను. చివరి ముడి వేశాక దారాన్ని పళ్లతో తెంపాను.

పాప ఎలుగును అందుకుంది. కడుపు నొక్కింది. మెడ వాసన చూసింది. చెవిని రెండు వేళ్ల మధ్య పెట్టుకుంది. మేము ముగ్గురు ఆడవాళ్లం తన వేళ్లనే చూస్తూ కూర్చున్నాం.

“మా ఎలుగే.”

పెద్దమ్మ మా అమ్మ వీపు మీద చరిచింది. నేను ఏడ్చానని అమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. దూది నుసి పడిందని నేను చెబుతాను. పాప మాత్రం అక్కడే, కుట్టాల్సిన పరుపుల మీద వాలిపోయి, నంద్యాలకు ఆఖరి బస్సు వేళ దాకా లేవలేదు.

ఇప్పుడు మా వీధిలో చెవుల్లేని కుందేళ్లు, తొండం ఊడిన ఏనుగులు నా దగ్గరికే వస్తాయి. ఏ బొమ్మనూ దాని బిడ్డ ఎదురుగా లేకుండా విప్పను. పిల్లలు భయపడతారని తల్లులు అంటే, పక్కకు జరగమని చెబుతున్నాను. అలా చెప్పేది నేనేనా అని మా ఆయన ఆశ్చర్యపోతాడు.

ఈ సాయంత్రం కూర తరుగుతుంటే పాప వచ్చి నా ఎదురుగా చాప వేసింది. మంచం కింద నుంచి తనే తీసుకొచ్చిన పాత దుప్పటి నా ఒళ్లో పెట్టింది. అంచు చినిగి ఉంది.

“ఇది కుట్టు,” అని, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. “నేను సూస్తాండా.”

కత్తిపీట పక్కకు పెట్టి, సూది తెచ్చుకున్నాను. రెండు కుట్లు వేశానో లేదో, పాప లేచి ఆడుకోవడానికి బయటికి పరుగెత్తింది. దుప్పటి నా దగ్గరే వదిలేసి.