నూకయ్య చూసొచ్చిన కలకత్తా

సముద్రం దగ్గరి పోలవరం పాయల్లో పుట్టి పెరిగిన నూకయ్య మా తాతకు అన్న. కుంపిణీ దొరల రాజధాని కలకత్తాను మా పేటలో మొదట చూసినవాడు ఆయనే. చూసి బాగుపడిందేమీ లేదు.

ఉప్పు ఓడలో కళాసీగా వెళ్తూ, ఓడ నడిపే సరంగును బతిమాలి భార్య సూరమ్మనూ ఎక్కించుకున్నాడు. పెళ్లయి ఆరేళ్లయినా పిల్లల్లేరు. కాళీమాతకు మొక్కుకోవాలని ఆమె పోరు.

కాళీఘాట్‌లో మొక్కుకున్నారు. బడాబజారు సందుల్లో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తిరిగారు. మధ్యాహ్నానికి కాళ్లు బొబ్బలెక్కి, గంగ ఒడ్డున ఒక రేవు మెట్ల మీద సూరమ్మ కూలబడింది. నూకయ్యకు ఆశ తీరలేదు. చౌరంగీలో దొరల మేడలు, మైదానంలో పెద్ద స్తంభం చూడాలి.

"రేవులోనే కూర్చోయే, ఇట్టే చూసొచ్చేత్తాను."

"ఆయ్, తొరగా వచ్చేయండి."

మా వైపు ఊరికి ఒకటే రేవు. రేవంటే చాలు, ఎవరైనా అక్కడికే వస్తారు. ఆ నమ్మకంతోనే వెళ్లాడు. నోరు తెరుచుకుని మేడలన్నీ చూశాడు. తిరిగొచ్చేసరికి గంగ పొడుగునా రేవులే. అన్నిటికీ మెట్లే, అన్నిటా స్నానాల జనమే. నాలుగు రోజులు "సూరమ్మా" అని అరిచాడు. ఆయన కోసం ఆగకుండా ఓడ వెళ్లిపోయింది.

అయిదో రోజు ఆ తెలుగు కేక విని తాతబ్బాయి అనే కోరంగి కళాసీ ఆపాడు.

"మన తెలుగావిడ రెండ్రోజులు ఈ మెట్ల మీదే కూర్చుందండి. ఊరు పోలవరమంది. మీ ఆయన పేరు చెప్పమ్మా, రేవురేవుకీ తిరిగి కేకేత్తామన్నాం. కొంగు నోట్లో కుక్కుకుని ఏడిసింది గానీ చెప్పలేదండి. మొగుడి పేరు పలికితే ఆయనకి ఆయుష్షు తగ్గిపోద్దంట."

"ఇప్పుడెక్కడుందండి?"

"మూడో నాడు కూలీల మేస్త్రీ వచ్చేడండి. మీ ఆయన కాడికి తీసుకెళ్తానన్నాడంట. మేం సరుకు దింపొచ్చేసరికి లేదండి. సముద్రాల అవతల మోరీసు దీవికి చెరుకు కూలీల్ని తోలుకెళ్లే ఓడ నిన్న కదిలిపోయింది, అందులోనే ఎక్కించేసుంటాడండి."

నూకయ్య ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

ఆ మాయదారి ఆచారం తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒక్క పేరు, మూడక్షరాలు, పలికి ఉంటే ఇద్దరూ ఇంటికొచ్చేవారు. నూకయ్య ఒంటరిగా వచ్చాడు. మళ్లీ పెళ్లాడలేదు, ఓడెక్కలేదు. తమ్ముళ్లు పోయారు, ఈడువాళ్లందరూ పోయారు. ఆయన మాత్రం జబ్బన్నది ఎరక్కుండా ఎనభై రెండేళ్లు బతికాడు. ఆ ఆయుష్షును తిట్టుకోని రోజు లేదు.