ముందు ఇరుసు

నర్సు ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాదే పాత జీపు ఒకటి కొన్నాను. అవసరమైతే లివరు వేసి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందించగల జీపు. అరవై దగ్గర పడిన దానికి ఇదేం మోజని చర్చిలో కొందరు నవ్వారు. అది మోజు కాదు. సర్జాపుర దాటి లోపలికి ఐదు కిలోమీటర్లు వెళ్తే ఒక రాతి క్వారీ, దాన్ని ఆనుకుని కూలీల గుడిసెలు ఉండేవి. ప్రతి బుధవారం అక్కడికి వెళ్ళి పుండ్లకు కట్లు కట్టేదాన్ని. దారంతా ఎర్రమట్టి. వాన పడితే సబ్బులా జారేది, మధ్యలో ఒక వంక పొంగేది. అప్పుడు క్వారీ లారీలు కూడా ఆగిపోయేవి, ఇంకే బండీ ఆ దారిన పోయేది కాదు.

అక్కడ రాళ్ళు కొట్టే ఒకామెకు కుడి అరికాలిలో పుండు. అనంతపురం వైపు నుంచి వచ్చిన మనిషి, యాభై దాటి ఉంటుంది, చక్కెర జబ్బు. నొప్పి తెలిసేది కాదు. అదే భయం. వారం వారం శుభ్రం చేసి, స్కేలుతో కొలిచి రాసుకునేదాన్ని. జూన్ మొదట్లో నాలుగు సెంటీమీటర్లు, ఆగస్టు 18న రెండు. ఇంకో రెండు నెలలు వదలకుండా కడితే మూసుకుంటుంది, వదిలితే పాదానికే ముప్పు. ఆస్పత్రికి రమ్మంటే ససేమిరా అనేది.

"ఆడికొస్తే కోసేస్తారు సిస్టరమ్మా. నువ్వు కట్టు, సాలు."

ఆ మర్నాడే, 1999 ఆగస్టు 19 గురువారం, అత్తిబెలె చెక్‌పోస్టు దాటి వస్తుంటే వెనక నుంచి ఒక లారీ గుద్దింది. జీపు పక్కకు పోయి, ఎడమ ముందు చక్రం రోడ్డు పక్కన పడి ఉన్న గ్రానైటు దిమ్మెకు కొట్టుకుంది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. జీపుకు ముందు ఇరుసు వంగింది, దాని మధ్యలో పళ్ళచక్రాలు ఉండే డబ్బా పగిలింది, రేడియేటరు చితికింది.

జీపును మా ఊళ్ళోని రిపేరు షెడ్డుకు లాగించాను. షెడ్డు నడిపే మెకానిక్కు ఆ ఊళ్ళోనే పుట్టిపెరిగిన తెలుగువాడు, యాభై ఏళ్ళ మనిషి. జీపు చుట్టూ ఒకసారి తిరిగి, "పద్నైదు దినాలు అమ్మా" అన్నాడు. ఎలాగూ విప్పుతున్నారు కదా అని, అరిగిన భాగాలన్నీ మార్చమని పట్టిక రాసిచ్చాను. ముందు స్ప్రింగు కట్టల బుష్షులు, కింగ్ పిన్నులు, స్టీరింగు కీళ్ళు, క్లచ్ ప్లేటు, అన్నీ కలిపి పదకొండు. ఇరుసు కొత్తది దొరకదనీ, గుజిరీలో అంటే పాత సామాన్ల బజారులో వెతికి తెస్తాననీ చెప్పాడు.

పదిహేను రోజులంటే సెప్టెంబరు 3. ఆ రోజు వెళ్తే జీపు ముందుభాగం నేలమీద పరిచి ఉంది. "ఇరుసు ఇంకా దొరకలేదమ్మా." వారం తర్వాత దొరికింది గాని వెల్డింగు చేసేవాడు ఊళ్ళో లేడు. ఆ తర్వాత వినాయక చవితి అన్నాడు. ఆ తర్వాత, "ఊరికే సుమ్నే కోపం చేసుకుంటావమ్మా నువ్వు, పని జరుగుతానే ఉండాది" అన్నాడు. జరుగుతున్న పని ఏదో చూపించమన్నాను. ఊడదీసిన బంపరుకు పూసిన రంగు చూపించాడు. రంగు నా పట్టికలోనే లేదు.

ఈలోపు బుధవారాలు పోతున్నాయి. సెప్టెంబరు 1న సర్జాపుర దాకా బస్సులో వెళ్ళి, అక్కడినుంచి నడిచాను. మళ్ళీ 15న నడిచాను. పుండు రెండున్నరకు పెరిగింది. తిరిగి వస్తుంటే వంకలో జారిపడి మోకాలు వాచింది. నడకే వద్దన్నారు డాక్టరు. టాక్సీవాళ్ళు దారి పేరు వినగానే తల అడ్డంగా ఊపేవారు. సర్జాపురలో కూలీలు సరుకులు తీసుకెళ్ళే దుకాణం ద్వారా మందులు, గుడ్డ పంపి, ఎలా ఉందో కనుక్కోమనేదాన్ని. ప్రతిసారీ ఒకటే జవాబు, "బాగుండాదంట." నొప్పి తెలియని మనిషి బాగుందనక ఏమంటుంది?

అక్టోబరు 4న, అంటే నలభై ఆరో రోజున, జీపు చేతికొచ్చింది. నేనేమీ కళ్ళు మూసుకుని తీసుకోలేదు. పట్టిక పట్టుకుని పదకొండూ తడిమి చూశాను. టారు రోడ్డు మీద హూడి దాకా నడిపి, తిప్పుకుని వచ్చాను. స్టీరింగు వెన్నలా తిరిగింది. పదకొండింటికీ ఎదురుగా టిక్కు పెట్టి సంతకం చేశాను.

6వ తేదీ బుధవారం. మట్టిదారి మొదట్లోనే ఆగి లివరు వేశాను. వంద గజాలు కూడా పోలేదు, స్టీరింగు రాయిలా బిగిసింది. బండి తనను తానే వెనక్కి లాక్కుంటున్నట్టు ఎగిరెగిరి పడింది. తర్వాత కింద ఫటేలుమని చప్పుడు. ముందు ఇరుసుకు బలం తీసుకెళ్ళే షాఫ్టు క్రాసు, అంటే దాని కీలు, విరిగింది. గుడిసెలు ఇంకా దాదాపు ఐదు కిలోమీటర్లు. వాచిన మోకాలితో స్టీరింగు వెనక కూర్చుని ఏడ్చాను. చివరికి సర్జాపుర నుంచి ట్రాక్టరు పిలిపించి వెనక్కి లాగించాను.

మెకానిక్కు విరిగిన క్రాసును అరచేతిలో పెట్టుకుని చూసి, "లివరు ఏసేది నీకు సరింగా రాలేదమ్మా. ఆడోళ్ళ చేతికి అది కొంచెం బరువు" అన్నాడు.

"ముప్పై నాలుగేళ్ళు నీలాంటి మగాళ్ళని మంచాల మీద తిప్పి పడుకోబెట్టిన చెయ్యప్పా ఇది. లివరు బరువా?"

నవ్వాడు గాని ఒప్పుకోలేదు. కొత్త క్రాసు వేస్తే చాలన్నాడు. అది తేవడానికి మళ్ళీ పది రోజులు. ఆ పది రోజులూ నేను జీపుతో వచ్చిన పాత పుస్తకం చదివాను. ముందు ఇరుసులోనూ వెనక ఇరుసులోనూ పళ్ళ లెక్క ఒకటే ఉండాలని అందులో ఉంది. లేకపోతే లివరు వేసినప్పుడు ముందు చక్రాలది ఒక వేగం, వెనక చక్రాలది ఒక వేగం అవుతుంది. టారు రోడ్డు మీద లివరు వెయ్యం కాబట్టి తేడా తెలియదు. చక్రం చేత్తో తిప్పి ఆ లెక్క తేల్చే పద్ధతి కూడా రాసి ఉంది.

పుస్తకం పట్టుకుని వెళ్ళేసరికి ఆ రోజు ఆయుధపూజ. స్పానర్లు, సుత్తులు, జాకీలు అన్నీ కడిగి, కుంకుమ పెట్టి వరసగా పేర్చాడు. గుమ్మడికాయ పగలగొట్టడం అయిపోయింది. తెల్ల చొక్కా వేసుకుని మరమరాలు పంచుతున్నాడు. నా జీపు ఎడమవైపు రెండు చక్రాలూ దిమ్మెల మీద లేచి ఉన్నాయి.

"ఈ పొద్దు సామాను ముట్టకూడదమ్మా. రేపు కూడా షెడ్డుకు రజా."

"సామానుతో పని లేదు. చేత్తో చక్రం తిప్పు. చేతికి కూడా కుంకుమ పెట్టినావా ఏందప్పా?"

షాఫ్టు వచ్చి తగిలే చోట, ముందూ వెనకా సుద్దతో గీతలు గీశాను. చొక్కా మాస్తుందని అతను కింద పడుకోనన్నాడు. న్యూస్‌పేపర్లు పరుచుకుని నేనే పడుకున్నాను. పుస్తకంలో చెప్పినట్టు అతను చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి, నేను గీత ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. వెనక ఇరుసుకు ఐదుకు కొంచెం తక్కువ వచ్చింది. ముందు ఇరుసుకు ఐదు దాటి, ఇంకా పావు చుట్టుకు పైన.

"తప్పు లెక్క. ఇంగొకసారి."

మూడుసార్లు తిప్పాడు. మూడుసార్లూ అంతే. నాలుగోసారి చొక్కా సంగతి మరిచి తనే కింద పడుకున్నాడు, నేను తిప్పాను. లేచి చొక్కా దులుపుకున్నాడు.

"పైకి రెండూ ఒకే మాదిరి ఉండాయి కదమ్మా."

"పళ్ళు లెక్కపెట్టలేదా కొనేటప్పుడు?"

"పండ్లు లోపల ఉండాయి. గుజిరీలో మూత తీసి సూపీమంటే తంతారు." పూజలో ఉన్న స్పానర్ల వైపు చూస్తూ అన్నాడు, "అయినా ఈ ఊర్లో ఆ లివరు ఏసేదెవురమ్మా? అందురూ జీపు కొనేది షోకుకు. నా సర్వీసులో ఏసింది నువ్వొకతివే."

నాకు కోపం వచ్చి ఉండాల్సింది. రాలేదు. హూడి దాకా పోయి వచ్చినప్పుడు నేను కూడా ఆ లివరు ముట్టలేదు. దేనికోసం జీపు కొన్నానో ఆ ఒక్కటీ చూడకుండా పదకొండు టిక్కులు పెట్టాను.

సరైన పళ్ళ జత దొరికి, బిగించేసరికి అక్టోబరు 26 సాయంత్రం. ఈసారి అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, సర్జాపుర రోడ్డులో కొత్త ఇళ్ళకు తవ్విన బురదలోకి దింపి, లివరు వేశాను. జీపు చప్పుడు లేకుండా ఎక్కింది.

మర్నాడు బుధవారం. వంకలో నీళ్ళు చక్రాల సగం దాకా ఉన్నా దాటాను. గుడిసె బయటే వాసన తెలిసింది. కట్టు విప్పితే ఎముక కనిపించింది, వేళ్ళు నల్లబడ్డాయి. కొలవలేదు. ఆమెను నేనూ ఇంకో కూలి మనిషీ మోసుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఈసారి రానని అనలేదు. దారి పొడుగునా డాష్‌బోర్డు పట్టుకుని కూర్చుంది.

"నీ బండికి కొత్తకాళ్ళు ఏసినారంట గదా సిస్టరమ్మా?"

"కొత్తవి కాదు, గుజిరీవి."

"అట్లయితే నాకూ ఒకటి ఆడ సూడు. సైజు నీకు తెలుసు గదా, వారం వారం కొలిస్తివి."

తనే నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రోడ్డు చూసుకుంటూ నడిపాను.

ఆస్పత్రిలో కుర్ర సర్జను పాదం తిప్పి చూశాడు. మడమ దాకా తియ్యాలి, ఇంకో వారం ఆగితే మోకాలి దాకా పోయేది అన్నాడు. తర్వాత కేసుషీటు తెరిచి, చివరిసారి కట్టు ఎప్పుడు మార్చారని నన్ను అడిగాడు. వీల్‌చైరులో ఆమె కూడా నా వైపు చూసింది.

"సెప్టెంబరు 15" అన్నాను. "నలభై రెండు రోజులైంది."

అతను తలెత్తకుండా రాసుకున్నాడు.