ఆయన బిగించిన నట్టు

ఎనభైల మొదట్లో చింతామణి బస్టాండు వెనక మాకొక లేత్ షాపు, ఇనప కడ్డీలు చెక్కేది, ఉండేది. మా వారూ, ఆయన తమ్ముడూ నడిపేవారు. మా వారు కామెర్లు తిరగబెట్టి పోయాక ఆ లేతుకు పిచ్చి పట్టింది. మరిది ఎంత జాగ్రత్తగా చేసినా బావి మోటార్ల షాఫ్టులు ఒక కొన లావుగా, ఇంకో కొన సన్నగా వచ్చేవి. బేరింగు ఎక్కని షాఫ్టును రైతు ఏం చేసుకుంటాడు? మిట్టేమరి నుంచి వచ్చిన పెద్దాయన దాన్ని మా గుమ్మంలోనే పడేశాడు. "ఎండిపోతాండే శెనక్కాయ చేను మీ షాఫ్టు కోసరం కాసుకోని ఉంటుందామ్మా?" అని వెళ్ళిపోయాడు.

ఊళ్ళో మాట పుట్టడానికి ఎంతసేపు! చచ్చినాయన మిషన్‌ను వదల్లేదన్నారు. దానికి తగ్గట్టే, కరెంటు పోయినప్పుడు మరిది స్విచ్ ఆపడం మరిచేవాడు. మిట్టమధ్యాహ్నం మనిషి లేని షాపులో కరెంటు వచ్చి, బెల్టు టపటపమంటూ దానంతట అదే తిరిగేది. పక్కనే వంటింట్లో గంజి వారుస్తున్న నాకు ఆ చప్పుడు వినబడేది. కారణం తెలుసు. తెలిసి కూడా గంజి గిన్నె దించి, గుమ్మం దాకా వెళ్ళి చూసేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆయన ఉంటే బాగుండునని చూసేదాన్ని.

"యాడ తప్పు జరుగుతాండాదప్పా?" అని మరిదిని అడిగితే తల దించుకున్నాడు.

"అన్నకు నా పని నచ్చలేదేమో వదినా."

"చాల్లే! బతికున్నన్నాళ్ళూ నిన్ను పల్లెత్తు మాట అనని మనిషి, పోయినాక వచ్చి షాఫ్టులు చెడగొడతాడా?" అని కసిరాను.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. చిక్కబళ్ళాపురం నుంచి పాత ఇనుము వ్యాపారి దిగాడు. దెయ్యం పట్టిన లేతును తూకానికి తీసుకుంటాడట! వచ్చే సంతరోజు లారీ తెస్తానన్నాడు. ఆ లేతు పోతే మాకు వేరే బతుకుతెరువు లేదు.

వాడు వెళ్ళాక లేతు ముందు కూలబడ్డాను. ఆయుధపూజకు మరిది పెట్టిన కుంకుమ టెయిల్‌స్టాక్ మీద ఎండిపోయి ఉంది. షాఫ్టు రెండో కొనను పట్టి నిలిపే భాగం అది. తక్కిన మిషనంతా నూనెగుడ్డతో తుడిచి మెరుస్తోంది, దాన్ని మాత్రం ఎవరూ తుడవలేదు. తేరిపార చూస్తే అది నడిమిగీత మీద లేదు, కాస్త పక్కకు జరిగి ఉంది. మంచం పట్టే ముందు ఆయన చేసిన చివరి పని గుర్తొచ్చింది. బాగేపల్లి వాళ్ళ శెనక్కాయలు ఒలిచే మిషన్‌కు ఒక కొన సన్నగా ఉండే షాఫ్టు కావాల్సి వచ్చింది. మజ్జిగ చెంబుతో నిలబడ్డ నాకు, "చూడు, దీన్ని పక్కకు జరిపితే అదే వాలుగా చెక్కుతాది" అని చూపించి నట్టు బిగించారు.

మరిదిని పిలిచి దాని మీద వేలు పెట్టాను. నేను నోరు తెరవకముందే వాడు భోరుమన్నాడు.

"నాకు తెలుసు వదినా. మొదటి షాఫ్టు చెడినప్పుడే తెలిసింది. అన్న కడాకు తన చేత్తో బిగించిపోయింది అది. దాన్ని నేనెట్ల ఇప్పేది?"

తిట్టాలని నోటిదాకా వచ్చింది. నాకు కూడా ఏడుపే వచ్చింది. వీడు అన్న చేతి గుర్తుకు బొట్టు పెట్టి, దానికోసం దెయ్యం మాటలన్నీ భరించాడు. బెల్టు చప్పుడుకల్లా గుమ్మం దాకా పరిగెత్తిన నేను మాత్రం తక్కువ తిన్నానా? స్పానర్ అందుకున్నాను. నట్టు ఆయన బిగించినట్టే ఉంది, నా ఒక్కదానికి లొంగలేదు. వాడు కూడా చెయ్యి వేశాడు. ఇద్దరం లాగితే కిర్రుమని వదిలింది. కుంకుమ పెళ్ళగిలి నా వేళ్ళ మీద రాలింది.

టెయిల్‌స్టాక్‌ను నడిమిగీత మీదికి జరిపి మళ్ళీ బిగించాం. మర్నాడు షాఫ్టు ఈ కొన నుంచి ఆ కొన దాకా ఒకే లావున వచ్చింది. బేరింగు ఇట్టే ఎక్కింది. సంతరోజు వచ్చిన లారీని ఖాళీగా తిప్పి పంపాం. మిట్టేమరి పెద్దాయన మళ్ళీ పని తెచ్చాడు.

ఆ తర్వాత కూడా కరెంటు పోయేది, వచ్చేది. మనిషి లేని షాపులో బెల్టు టపటపమనేది. నేను గంజి వారుస్తూనే ఉండేదాన్ని. లోపల ఎవరూ లేరని నాకు తెలుసు.