ఆకుపచ్చ కారులో మూడో పిలుపు

మా చిన్నప్పుడు... బాంబూఫ్లాట్‌లో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోయేది. ఇప్పుడూ అంతే లెండి, మా దీవుల్లో సూర్యుడికి తొందరెక్కువ. ఆ వేళకు అమ్మ లాంతరు చిమ్నీ తుడుస్తూ ఉండేది. వీధిలోంచి ఎవరైనా నన్ను పిలిస్తే చాలు, మసి చేత్తోనే గబుక్కున నా నోరు మూసేది.

చీకటి పడ్డాక మొదటి పిలుపుకు పలక్కూడదు. రెండోదానికీ వద్దు. మూడోసారి కూడా పిలిస్తేనే మనిషి, లేకపోతే పలికినవాళ్లను వెంట తీసుకుపోయే దెయ్యం... శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి మావాళ్లు వలలతో పాటు తెచ్చుకున్న నియమం అది. నవ్వకండి, మా ఇంట్లో అందరం పాటించేవాళ్లం.

నాన్న వేటకు వెళ్లేవాడు కాదు. ఇంటి పక్క రేకుల షెడ్డులో జీపులకు, టాక్సీలకు పాటల సెట్లు బిగించేవాడు. వేటకు వెళ్లేది చిన్నాన్న. ఒకరోజు తన చిన్న పడవ, డింగీ వేసుకుని వెళ్లాడు... డింగీ దొరికింది, మనిషి దొరకలేదు. ఆ తరువాత నాన్న నవ్వగా నేను చూడలేదు.

అలాంటి రోజుల్లో ఆ కారు వచ్చింది. రెండే సీట్లు, గుడ్డ టాపు, నేలకు ఆనినట్టుండే పాత ఫారిన్ స్పోర్ట్స్ కారు. ఫెర్రీ దాటితే వచ్చే డైరీ ఫార్మ్ పేటలో ఉండే రిటైరైన షిప్ ఇంజనీరుది. ఆయన్ను అందరూ సాబ్ అనేవారు. ఆకుపచ్చ రంగు, గుండ్రటి దీపాలు చూసి పిల్లలం దానికి కప్ప అని పేరు పెట్టాం.

సీడీలు కొత్తగా వచ్చిన కాలం. సాబ్‌కు కొత్త సెట్టు కావాలి, గుండెలదిరే స్పీకర్లు కావాలి... పాత డాష్‌బోర్డుకు మాత్రం ఒక్క చిల్లు కూడా పడకూడదట! నాన్న పాత రేడియో ముఖాన్ని, దాని తెల్ల గుబ్బల్ని అలాగే ఉంచి, కొత్త సెట్టును పక్క అరలో దాచాడు. స్పీకర్లు సీట్ల వెనక బిగించాడు. మా ఉప్పుగాలికి లోపలి ఇనుమంతా తుప్పే. పరధ్యానంలో ఎర్త్ వైరును కూడా ఒక తుప్పు బోల్టుకే, ఆ తుప్పు గీకకుండా చుట్టేశాడు.

ఆ సాయంత్రం బ్యాటరీ తీసి గోడవార పెట్టి ఉంది. తాళం నాన్న జేబులో ఉంది. అమ్మ టీ తెచ్చింది, వెనకాలే నేను... అప్పుడు ఆ కారు గొంతు విప్పింది. స్పీకర్లలోంచి ఎసరు కాగుతున్నట్టు సన్నటి చప్పుడు. దాని అడుగున ఎవరో మగమనిషి మాటలు. ఏమీ అర్థం కాలేదు, ఒక్కటి తప్ప. అది ముగ్గురికీ వినబడింది.

"అన్నా..."

"ఆఁ... ఇక్కడే ఉన్నానురా," అన్నాడు నాన్న.

అమ్మ చేతిలో టీ ఒలికిపోయింది. "ఏటండీ... మొదటి పిలుపుకే పలికీసినారా?" అంది.

మర్నాటి నుంచి చీకటి పడితే నాన్న కారులోనే. టాపు మూసుకుని, తలుపు వేసుకుని కూర్చునేవాడు. ఇంట్లో అన్నం చల్లారిపోయేది. సాబ్ కబురు పంపితే, సెట్టు ఇంకా గుయ్యిమంటోందని చెప్పి తిప్పి పంపేవాడు. కొన్నాళ్లకు చిన్నాన్న వదిలిపోయిన డింగీకి నాన్నే తారు పూయడం మొదలుపెట్టాడు... ఈత కూడా సరిగ్గా రాని మనిషి!

ఉండబట్టలేక నేనే అడిగాను, కారులో ఎవరున్నారు నాన్నా అని. ఎవరూ లేరమ్మా అన్నాడు. తుప్పు పట్టిన అతుకు ఒక్కోసారి రేడియో టవరు మాటల్ని పట్టేస్తుందట, దానికి కరెంటు కూడా అక్కర్లేదట, బోల్టు గీకితే ఆగిపోతుందట. మరి గీకవేం అన్నాను. గరుకు కాగితాన్ని డబ్బాలో పడేసి, కారు తలుపు వేసుకున్నాడు. అప్పుడు నాకు నాన్నను చూస్తేనే భయం వేసింది.

తెల్లారితే డింగీ నీళ్లలోకి దించుతానని నాన్న అన్న సాయంత్రం... అమ్మ వచ్చి ఆ రెండో సీట్లో కూర్చుంది, నన్ను ఒళ్లో పెట్టుకుని. షెడ్డు రేకుల మీద చినుకులు పడుతున్నాయి. ఎసరు చప్పుడు మొదలైంది.

"అన్నా..."

నాన్న పెదవులు కదిలాయి. అమ్మ ఆయన నోటి మీద చెయ్యి వేసింది, నాకు వేసినట్టే. కాసేపటికి మళ్లీ అదే పిలుపు. అమ్మ చెయ్యి తీయలేదు. ముగ్గురం మూడోదాని కోసం ఎదురుచూశాం... చాలాసేపు చూశాం. రాలేదు.

"మనవోడైతే మూడోసారి పిలవడేటండీ? ఆడికి తెలీదేటి?" అంది అమ్మ.

నాన్న ఆ చేతిలోకే ఏడ్చాడు. చిన్నాన్న కోసం నాన్న ఏడవడం నేను చూసింది అప్పుడే. తరువాత దిగి, గరుకు కాగితం తీసుకుని, ఆ బోల్టు తళతళలాడేదాకా గీకాడు. కారు నోరు మూసుకుంది.

మర్నాడు సాబ్ వచ్చి, పాటలు హోరెత్తించుకుంటూ ఫెర్రీ ఎక్కేశాడు. డింగీ ఒడ్డునే ఉండిపోయింది. ఆ సాయంత్రం నాన్న, నేను ఖాళీ షెడ్డు ఊడుస్తున్నాం. కారు లేదు, స్పీకర్లు లేవు, వైరు ముక్క కూడా లేదు...

"అన్నా..."

చీపురు ఆగిపోయింది. నాన్న నా చెయ్యి నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నాడు. పలకలేదు. చీపురు గోడకు ఆనించి, "పద తల్లీ, అన్నం తిందాం," అన్నాడు. ఆ రాత్రి పళ్లెం ఖాళీ చేశాడు.

ఇప్పుడు నా కారులో బ్లూటూత్ ఉంది. ఫోను మోగితే ఎవరు పిలుస్తున్నారో కారే పేరు చదువుతుంది, మా పిల్లలు ఠక్కున పలికేస్తారు. పిలుపుకు ఆగడమన్నది వాళ్లకు తెలియనే తెలియదు. నాన్న పోయాడు... ఒక్కోసారి ప్రోతరాపూర్‌లో ఇప్పటి మా ఇంటి ముందు ఇంజను ఆపాక, స్పీకర్లలో ఎసరు కాగుతున్నట్టు అనిపిస్తుంది. చీకటి పడుతున్నా దిగబుద్ధి కాదు.

మీ ఇళ్లల్లో ఎన్నో పిలుపుకు పలికేవారు? చెప్పండి... నేను మాత్రం, నాన్న గొంతు "తల్లీ" అంటే, మొదటి పిలుపుకే పలికేస్తాను.